భుజం మీద ఏనుగు, జెండాలో అష్టభుజి: మిలిటరీ చిహ్నాలను చదవడం ఎలా, మీ బృందానికి ఒకటి గీసుకోవడం ఎలా

మా ఊరి మాజీ సైనికుల సంఘానికి నేను గీసిన మొదటి బ్యాడ్జీలో ఎన్ని వస్తువులున్నాయో ఇప్పుడు లెక్కపెడితే సిగ్గేస్తుంది. అశోక సింహాలు, రెండు కత్తులు, లంగరు, రెక్కలు, వరి కంకులు, ఊరి గుడి గోపురం, చుట్టూ సంఘం పేరు, కింద స్థాపించిన సంవత్సరం. కంప్యూటర్ తెర మీద బ్రహ్మాండంగా ఉంది. ఎంబ్రాయిడరీ చేయించి తెచ్చేసరికి సింహాలు పిల్లుల్లా, గోపురం పచ్చడి జాడీలా తయారయ్యాయి. ఆర్టిలరీలో చేసి వచ్చిన ఒక పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "దూరం నుంచి చూస్తే తెలియట్లేదు సరే, దగ్గర నుంచి చూసినా తెలియట్లేదేంటి బాబూ" అన్నాడు.

అక్కడి నుంచి సైన్యం వాళ్లు తమ చిహ్నాలను ఎలా కడతారో చూడటం మొదలుపెట్టాను. మీరు ఎన్‌సీసీలో ఉన్నా, తాతగారి ట్రంకు పెట్టెలో దొరికిన ఇత్తడి బ్యాడ్జీ ఏమిటో తెలుసుకోవాలన్నా, మీ సంఘానికి ఒక జెండా కావాలన్నా ఇది పనికొస్తుంది. ముందు చదవడం, తర్వాత గీయడం. చదవడం రాకుండా గీస్తే నా గోపురం గతే.

1. ముందు పది అడుగులు వెనక్కి జరగండి

బ్యాడ్జీ చేతికి రాగానే అందరం చేసే తప్పు ఒకటే, దాని మీదున్న అక్షరాలు చదవబోతాం. అలా చేయకండి. దాన్ని బల్ల మీద పెట్టి పది అడుగులు దూరంగా నిలబడి, కళ్లు కాస్త చికిలించి చూడండి. అప్పుడు మిగిలే రంగు, ఆకారం, అదీ అసలు చిహ్నం. ఎందుకంటే యుద్ధంలో ఇవి పుట్టిందే దుమ్ములో, పొగలో, సముద్రం మీద మనవాడెవడో పగవాడెవడో క్షణంలో తేల్చుకోవడానికి. "ఎరుపు అంటే త్యాగం, తెలుపు అంటే శాంతి" లాంటి అర్థాలు చాలాసార్లు తర్వాత అతికించినవే.

ఇది ఎంత ప్రాణాంతకమైన సంగతో రెండో ప్రపంచ యుద్ధం నాటి మన విమానాలను చూస్తే తెలుస్తుంది. బ్రిటిష్ పద్ధతి ప్రకారం విమానాల రెక్కల మీద గుండ్రటి గుర్తు ఉండేది, మధ్యలో ఎర్రటి చుక్క. బర్మా వైపు యుద్ధానికి వచ్చేసరికి జపాన్ విమానాల మీద కూడా ఎర్రటి సూర్యబింబమే. ఆకాశంలో అంత వేగంలో వలయాలు ఎవరు చూస్తారు, ఎర్రచుక్క కనపడితే కాల్చేయడమే కదా. అందుకే ఆసియా రంగంలో ఆ ఎరుపును తీసేసి ముదురు నీలం, లేత నీలంతో సరిపెట్టారు. ఇవాళ మన వాయుసేన విమానాల మీద కనిపించేది బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ.

2. చేతిలో ఉన్నది ఏ జాతిదో తేల్చుకోండి

మనం అన్నిటినీ "బ్యాడ్జీ" అనేస్తాం గానీ ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు.

భుజం మీద నక్షత్రాలు, సింహాలు ఉంటే అది హోదా. ఆర్మీలో లెఫ్టినెంట్‌కు రెండు నక్షత్రాలు, కెప్టెన్‌కు మూడు, మేజర్‌కు అశోక సింహాలు. అక్కడి నుంచి సింహాల కింద నక్షత్రాలు ఒక్కోటీ పెరుగుతూ లెఫ్టినెంట్ కల్నల్, కల్నల్, బ్రిగేడియర్. ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన కత్తీ దండం కనిపిస్తే ఆయన జనరల్ స్థాయి. చేతి మీద వి ఆకారపు పట్టీలైతే ఒకటి లాన్స్ నాయక్, రెండు నాయక్, మూడు హవల్దార్.

టోపీ మీద లోహపు బ్యాడ్జీ ఉంటే అది రెజిమెంట్ లేదా కోర్, అంటే ఆ మనిషి పుట్టిల్లు. భుజం కింద స్లీవ్ మీద గుడ్డ ముక్క ఉంటే అది ఫార్మేషన్ సైన్, అంటే ప్రస్తుతం ఏ డివిజన్ కింద, ఏ కమాండ్ కింద పని చేస్తున్నాడో చెప్పేది. బదిలీ అయితే ఇది మారుతుంది, టోపీది మారదు. తాతగారి పాత ఫొటోల్లో టోపీ ఒకటే ఉండి భుజం మీద బొమ్మ మారుతూ ఉంటే కంగారు పడకండి, ఆయన ఊళ్లు మారారంతే.

ఒక కొత్త సంగతి కూడా గుర్తుంచుకోండి. 2023 ఆగస్టు 1 నుంచి బ్రిగేడియర్, ఆ పైవాళ్లందరికీ ఏ రెజిమెంట్ నుంచి వచ్చినా ఒకే రకం టోపీ, ఒకే రకం హోదా గుర్తులు. అంటే ఆ తర్వాతి ఫొటోలో పెద్ద అధికారి టోపీ చూసి ఆయన ఏ రెజిమెంటో చెప్పలేం. పై స్థాయికి వెళ్లాక పుట్టింటి పేరు పక్కన పెట్టమనడం నాకైతే సబబుగానే అనిపించింది, పాతకాలం వాళ్లలో కొందరికి మాత్రం మనసు చివుక్కుమంది.

ఇక జెండాలు. ఓడ వెనుక ఎగిరేది నౌకాదళ పతాకం. పరేడ్‌లో పట్టుచీరలా మెరుస్తూ, దాన్ని మోసే అధికారికి రెండు పక్కలా కాపలాతో నడిచేది "నిషాన్", రాష్ట్రపతి ఇచ్చేది. మూడు దళాల్లో రాష్ట్రపతి నిషాన్ మొదట అందుకున్నది నౌకాదళం, 1951 మే 27న, డాక్టర్ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా. మన విశాఖలో 2017 డిసెంబర్ 8న జలాంతర్గామి దళం అందుకుంది, దానికి 50 ఏళ్లు నిండిన సందర్భంలో. అన్నట్టు ఫిరంగి దళానికి ఫిరంగులే నిషాన్, వేరే గుడ్డ జెండా మోయరు. మా పెద్దాయన ఈ మాట చెప్పేటప్పుడు గొంతు ఒక మెట్టు పైకి వెళ్తుంది.

3. రంగులు: కొన్ని వ్యాకరణం, కొన్ని అలవాటు

ఎరుపు ఆర్మీ, ముదురు నీలం నేవీ, లేత నీలం ఎయిర్ ఫోర్స్. మూడూ కలిపి కనిపిస్తే మూడు దళాలకూ సంబంధించినదని అర్థం. ఎన్‌సీసీ జెండా చేతికి వస్తే చూడండి, 1954లో తెచ్చిన ఆ జెండాలో ఇవే మూడు రంగులు, మధ్యలో ఎన్‌సీసీ అక్షరాల చుట్టూ 17 తామరలు. అవి 17 రాష్ట్ర డైరెక్టరేట్లకు గుర్తు.

ఫార్మేషన్ సైన్ల దగ్గర ఒక చిన్న తాళంచెవి ఉంది. అడ్డంగా ఎరుపు-నలుపు-ఎరుపు పట్టీలుంటే అది కమాండ్ స్థాయి, ఎరుపు-తెలుపు-ఎరుపు ఉంటే కోర్ స్థాయి. (కమాండ్ అన్నిటికంటే పెద్దది, దాని కింద కోర్, కోర్ కింద డివిజన్. టోపీ బ్యాడ్జీ చెప్పే కోర్ వేరు, అది చేసే పనిని బట్టి.) మధ్యలో బొమ్మ ఆ దళానిది. దక్షిణ కమాండ్‌కు దక్షిణ దిక్కు నక్షత్రాలు, తూర్పు కమాండ్‌కు ఉదయించే సూర్యుడు. దిక్కును ఇంత తేలిగ్గా చెప్పడం ఎంత కష్టమో గీసినవాళ్లకు తెలుస్తుంది. డివిజన్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్వేచ్ఛ ఎక్కువ, జంతుప్రదర్శనశాలే: 17వ డివిజన్‌కు నల్లపిల్లి, 23వ డివిజన్‌కు పసుపు మీద ఎర్ర కోడిపుంజు, సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజన్‌కు అడవిదున్న, దాన్ని బైసన్ డివిజన్ అంటారు. (నల్లపిల్లి అనగానే బ్లాక్ క్యాట్ కమాండోలు గుర్తొస్తారు, వాళ్లు వేరు. ఆ కమాండోల దళం ఎన్‌ఎస్‌జీ హోం శాఖ కింద ఉంటుంది, దాని గుర్తు సుదర్శన చక్రం.)

టోపీ రంగు కూడా మాట్లాడుతుంది. మెరూన్ బెరే అంటే పారాచూట్ దళం, నల్లది ట్యాంకుల దళం. రైఫిల్ రెజిమెంట్ల దగ్గర ఇంకో ముచ్చట: వాళ్ల హోదా గుర్తులు బంగారు రంగులో కాక నల్లగా ఉంటాయి. పాతరోజుల్లో రైఫిల్ సిపాయి వరుసలో నిలబడి కాల్చేవాడు కాదు, ముందుకెళ్లి చెట్టు చాటున, బండ చాటున నక్కి గురిపెట్టేవాడు, ఒంటి మీద ఇత్తడి మెరిస్తే అంతే సంగతులు. గుర్తు పని మనవాళ్లకు కనపడటమైతే, అవతలివాళ్లకు కనపడకపోవడం కూడా దాని పనే. యుద్ధంలో వేసుకునే దుస్తుల మీద గుర్తులన్నీ నల్లదారంతో కుట్టేది అందుకే.

4. బొమ్మ దగ్గర ఆగండి, తొందరపడకండి

ఇక్కడే అసలు కథలుంటాయి. బొమ్మలు మూడు చోట్ల నుంచి వస్తాయి: చేసే పని, వచ్చిన ఊరు, గెలిచిన యుద్ధం. రెక్కలూ గొడుగూ ఉంటే పారాచూట్, ఖుక్రీలు అడ్డంగా ఉంటే గూర్ఖాలు, రెండు కటార్ల మధ్య బూర ఉంటే రాజపుతానా రైఫిల్స్. ఇవి చూడగానే తెలిసేవి. తెలియనివే ఆసక్తిగా ఉంటాయి.

మద్రాస్ రెజిమెంట్ తీసుకోండి. తెలుగు కుర్రాళ్లు తరాలుగా చేరుతున్న రెజిమెంట్, కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్. దాని బ్యాడ్జీలో ఏనుగు ఉంటుంది. దక్షిణాది అడవుల్లో ఏనుగులుంటాయి కాబట్టి పెట్టారనుకుంటాం. కాదు. 1803 సెప్టెంబర్ 23న ఇప్పటి మహారాష్ట్రలోని అస్సాయే దగ్గర మరాఠా సేనలతో జరిగిన యుద్ధంలో ఈస్టిండియా కంపెనీ తరఫున పోరాడిన మద్రాస్ పటాలాలకు దక్కిన గౌరవం ఆ ఏనుగు. ఎవరి కోసం, ఎవరి మీద పోరాడారని ఇవాళ అడిగితే మనసుకు ఇబ్బందిగానే ఉంటుంది, అయినా రెజిమెంట్ ఆ ఏనుగును వదల్లేదు. చిహ్నం అంటే కుటుంబ ఆల్బమ్ లాంటిది, ఇష్టంలేని పెదనాన్న ఫొటో కూడా అందులోనే ఉంటుంది.

ఇంతకంటే విచిత్రం కుమావూన్ రెజిమెంట్. ఉత్తరాఖండ్ కొండల పేరు, కేంద్రం రాణీఖేత్, బ్యాడ్జీలో మాత్రం పైకి లేచి శిలువ పట్టుకున్న సగం సింహం. కొండలకూ ఆ సింహానికీ సంబంధం లేదు, సంబంధం మన హైదరాబాద్‌తో. నిజాం కొలువు దగ్గర బ్రిటిష్ రెసిడెంట్‌గా, అంటే కంపెనీ ప్రతినిధిగా ఉన్న హెన్రీ రసెల్ నిజాం కోసం ఒక దళాన్ని తయారుచేశాడు, రసెల్ బ్రిగేడ్ అనేవారు. ఆ పరంపరే తర్వాత 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యి, 1945 అక్టోబర్‌లో కుమావూన్ పేరు పెట్టుకుంది. సింహం రసెల్ కుటుంబపు వంశచిహ్నంలోది. అంటే మన దేశపు మొదటి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ పనిచేసిన రెజిమెంట్ గుర్తు వెనుక హైదరాబాద్ రెసిడెన్సీలో కూర్చున్న ఒక తెల్లదొర ఇంటి బొమ్మ ఉంది. పేరు మారినా, ఊరు మారినా, బొమ్మ అలాగే నడిచొచ్చింది.

ఇప్పుడు ఈ కాలంలో ఆలోచించి గీసిన కొత్త బొమ్మ ఒకటి. 2021 నవంబర్ 21న నౌకాదళంలో చేరిన యుద్ధనౌక ఐఎన్ఎస్ విశాఖపట్నం చిహ్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్, అలల్లోంచి లేస్తున్న కృష్ణజింక ఉంటాయి. మొదటిది ఊరు, రెండోది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. బీచ్ రోడ్డు మీద పెరిగిన ఎవరికైనా ఒక్క చూపులో అందుతుంది. నినాదం "యశో లభస్వ", గీత పదకొండో అధ్యాయంలోది.

నినాదాల సంగతి వచ్చింది కాబట్టి: ఇవి ఎక్కువగా సంస్కృతం, మన బడి చదువుతో సగం అర్థమైపోతాయి. నేవీది "శం నో వరుణః", వరుణుడు మాకు మేలు చేయుగాక అని. ఎయిర్ ఫోర్స్‌ది "నభః స్పృశం దీప్తమ్", ఇదీ గీత పదకొండో అధ్యాయమే. మద్రాస్ రెజిమెంట్‌ది "స్వధర్మే నిధనం శ్రేయః". అక్షరాలు ముందే చదవొద్దని ఎందుకన్నానంటే, నినాదం దూరం నుంచి ఎవరికీ కనపడదు, అది లోపలివాళ్ల కోసం.

5. జెండా చదవడానికి మంచి పాఠం: నేవీ పతాకం

ఒక జెండా ఎన్నిసార్లు మారితే అంత నేర్చుకోవచ్చు. 1950 జనవరి 26న నౌకాదళ పతాకం కర్ర వైపు పై మూలలో బ్రిటిష్ జెండా పోయి త్రివర్ణం వచ్చింది, తెల్ల గుడ్డ మీద నిలువూ అడ్డం ఎర్ర గీతలు మాత్రం ఉండిపోయాయి, సెయింట్ జార్జ్ శిలువ అది. 2001లో దాన్ని తీసేసి నీలిరంగు నౌకాదళ చిహ్నం పెట్టారు. సముద్రం మీదికి వెళ్లాక ఫిర్యాదు మొదలైంది: ఆకాశం నీలం, నీళ్లు నీలం, గుర్తూ నీలం, కలిసిపోతోంది. 2004లో ఎర్ర గీతలు తిరిగొచ్చాయి, ఈసారి అవి కలిసే చోట అశోక సింహాలతో. 2014లో కింద "సత్యమేవ జయతే" చేర్చారు. చివరికి 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో విమానవాహక నౌక విక్రాంత్ నౌకాదళంలో చేరిన రోజున ఇప్పటి పతాకం వచ్చింది: ఎర్ర గీతలు లేవు, ఛత్రపతి శివాజీ ముద్ర నుంచి తీసుకున్న అష్టభుజి, దాని చుట్టూ రెండు బంగారు అంచులు, లోపల లంగరు మీద సింహాలు. ఎనిమిది భుజాలు ఎనిమిది దిక్కులకు గుర్తు.

మళ్లీ నీలమే కదా, మరి కలిసిపోదా అని మీరడగొచ్చు. నా ఉద్దేశంలో తేడా ఏంటంటే, ఇది నిండుగా రంగు నింపిన దిమ్మలాంటి ఆకారం, దానికి బంగారు కట్ట ఉంది, చుట్టూ తెల్ల గుడ్డ ఉంది. లోపల ఏముందో దూరం నుంచి తెలియకపోయినా ఎనిమిది మూలల ముద్ర తెలుస్తుంది. ఆ ఆకారం పట్టేసింది కాబట్టే 2023 డిసెంబర్ 4న సింధుదుర్గ్‌లో అడ్మిరళ్ల భుజకీర్తుల మీదికి కూడా అదే తెస్తున్నట్టు ప్రకటించారు. వాయుసేన కూడా 2023 అక్టోబర్ 8న ప్రయాగ్‌రాజ్‌లో తన పతాకం పై మూలలో, కర్రకు అవతలి వైపు తన చిహ్నాన్ని చేర్చుకుంది.

6. ఇక మీది గీయండి

ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు: మీరు ఏం చేస్తారు, ఎక్కడివాళ్లు, మీకు జరిగిన ఒక్క సంగతి ఏంటి. జవాబులు రాశాక రెండు కొట్టేయండి. అవును, రెండు. ఒక్కటే ఉంచండి. ఏడుపొస్తుంది, సంఘం మీటింగ్‌లో గొడవ కూడా అవుతుంది, ప్రతి ఒక్కరికీ తమ గుడి, తమ చెరువు ఉండాలి. మిలిటరీ మాధవరం లాంటి ఊరైతే ప్రతి ఇంటికీ ఒక రెజిమెంట్ ఉంటుంది, అన్నీ పెడితే సంత అవుతుంది. మా ఊళ్లో చివరికి తాటిచెట్టు ఒక్కటే మిగిలింది.

రంగులు రెండు, మహా అయితే మూడు. ముదురు మీద లేత, లేత మీద ముదురు. పసుపు, తెలుపు ఒక గుంపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు ఇంకో గుంపు. ఒకే గుంపులో రెండు రంగులు పక్కపక్కన పెట్టకండి. ఈ నియమానికి ఎదురు వెళ్లి పేరు తెచ్చుకున్నదీ ఉంది, 5వ డివిజన్ నలుపు మీద ఎర్రటి బంతి, "బాల్ ఆఫ్ ఫైర్". ఒక్క గుండ్రం తప్ప ఏమీ లేదు కాబట్టి నెగ్గుకొచ్చింది.

జంతువు పెడితే జెండా మీద అది కర్ర వైపు చూడాలి. గాలికి జెండా వెనక్కి ఎగురుతుంది కదా, అటు తిప్పి గీస్తే పారిపోతున్నట్టుంటుంది. చేతుల మీద కుట్టే ముక్కలైతే కుడికి ఒకటి, ఎడమకు ఒకటి అద్దంలో బింబంలా చేయించండి, రెండూ ముందుకే చూడాలి.

అక్షరాలు పెట్టకపోతే అన్నిటికంటే మంచిది. తప్పదంటే, తెలుగుకు ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది: వత్తులు. ఇంగ్లిష్ అక్షరాలు గుండ్రంగా తిప్పితే ఒక గీత మీద కూర్చుంటాయి, మన "రాష్ట్ర" అలా కూర్చోదు, ష కింద ట వత్తు, దాని పక్కన ర వత్తు, అవన్నీ లోపలి వలయంలోకి దిగిపోయి దారం ముద్దగా తేలుతుంది. అందుకని గుండ్రంగా తిప్పకుండా కింద అడ్డంగా తిన్నటి పట్టీలో రాయండి, వత్తులు తక్కువుండే మాటలు ఎంచుకోండి, అక్షరం కనీసం సెంటీమీటర్ ఎత్తు ఉంచండి. జెండా మీదైతే ఇంకో చిక్కు, వెనక నుంచి తిరగబడి కనిపిస్తుంది. రెండు గుడ్డలు కలిపి కుట్టాలి, బరువెక్కుతుంది, తర్వాత గాలికి ఎగరదు.

7. కుట్టించే ముందు చట్టం

నా మొదటి బ్యాడ్జీలో సింహాలుండటం అందం సమస్య మాత్రమే కాదు. జాతీయ చిహ్నాన్ని సొంత సంఘాలు, దుకాణాలు వాడుకోకుండా 2005లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. కాబట్టి సింహాలు వద్దు. త్రివర్ణం మీద ఏమీ రాయకూడదు. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో అలాంటి దుస్తులు, గుర్తులు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ ఉంది, మూడు నెలల వరకు జైలు పడొచ్చు.

చట్టం పక్కన పెట్టినా మర్యాద ఒకటుంది. "బలిదాన్" అని రాసిన రెక్కల బాకు గుర్తు పారా స్పెషల్ ఫోర్సెస్‌ది, ఒళ్లు హూనం చేసుకుని సంపాదించుకునేది. 2019 వరల్డ్ కప్‌లో దక్షిణాఫ్రికాతో మ్యాచ్‌లో ధోనీ గ్లవ్స్ మీద అది కనిపిస్తే ఐసీసీ తీసేయమంది, దేశమంతా చర్చ అయ్యింది. టెరిటోరియల్ ఆర్మీ పారా బెటాలియన్‌లో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ అయిన మనిషికే అంత రచ్చ అయితే, మన బైక్ మీద స్టిక్కర్ వేయించుకోవడం గురించి ఒకసారి ఆలోచించుకోండి.

8. ఒక్క ముక్క కుట్టించి, ఉతకండి

మెషిన్ ఎంబ్రాయిడరీ అతనికి వాట్సాప్ ఫొటో పంపకండి, వెక్టర్ ఫైల్ (ఎంత పెద్దది చేసినా గీతలు చెదరనిది) ఇవ్వండి, ఎంత సైజో సెంటీమీటర్లలో చెప్పండి. ముందు ఒక్కటే చేయించండి. దాన్ని గోడకు పెట్టి మళ్లీ పది అడుగులు వెనక్కి, సాయంత్రం వెలుగులో ఒకసారి, ఫోన్‌లో నలుపు-తెలుపు ఫొటో తీసి ఒకసారి చూడండి. ఆ తర్వాత సర్ఫ్ నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. మేము ఈ ఆఖరి పని చేయకుండా నలభై ఆర్డర్ ఇచ్చాం. మొదటి ఉతుకుకే ఎరుపు దిగి తెల్ల తాటిచెట్టు గులాబీ రంగయ్యింది. ఆ నలభైలో పంచినవి పోను మిగిలినవి ఇప్పటికీ మా బీరువా పై అరలోనే ఉన్నాయి, కావాలంటే చెప్పండి, ఉచితంగా ఇస్తాను.